ఐదవ వంతు టీకా

నాగోలు వంతెన మీదుగా ఉప్పలుకు పోయేవారు క్రింద పారుతున్న మూసీ వంక సాధారణముగా చూడరు. ముక్కు మూసికొని సాగిపోతారు. అనంతగిరి కొండలలో పుట్టిన ఏరు ఇక్కడికి చేరుసరికి అందులో ఏటి నీరు తక్కువ, నగరము విడిచిన నీరు ఎక్కువ. ఎగువన అంబర్‌పేట, దిగువన నాగోలు, ఈ రెండు చోట్లను మురుగును శుద్ధిచేసే కేంద్రములు ఉన్నవి. అంబర్‌పేటలో తొలుత కట్టిన కేంద్రము ఒక్కదానికే రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల నీటిని శుద్ధిచేసే శక్తి ఉన్నది. అయినను శుద్ధి కాకుండ ఏటిలో కలిసే నీటికి కొదవ లేదు. వంతెన దాటినంతనే పీర్జాదిగూడ ప్రాంతములో ఈ నీటితోనే గేదెలకు గడ్డి, నగరమునకు ఆకుకూరలు ఏండ్ల తరబడి పండించినారు.

ఇటువంటి నీటికి ఒక సుగుణము ఉన్నదంటే శ్రోతలు నవ్వవచ్చును. కాని ఉన్నది. అది దాచిపెట్టదు. బిడ్డకు జబ్బు చేసిన సంగతి తల్లి చెప్పకపోవచ్చును, చూచిన వైద్యుడు పోల్చుకొనలేకపోవచ్చును, ఆసుపత్రి లెక్కలకు ఎక్కకపోవచ్చును. ఊరి ప్రజల ప్రేగులలో ఏ క్రిమి తిరుగుతున్నదో మురుగుకాలువ మాత్రము చెప్పి తీరుతుంది. 2020లో కోవిడ్ ప్రబలినప్పుడు తార్నాకలోని రెండు పరిశోధన సంస్థలు, సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి.లు, నగరపు మురుగునీటిని పరీక్షించి, ఆరు లక్షల మందికి పైగా వ్యాధి సోకివుండునని ఆ ఆగస్టులో అంచనా వేసినవి. అధికార లెక్కలలో ఉన్నవారు అందులో కొద్దిమందే. కాని నేను చెప్పదలచినది దానికి నాలుగేండ్లు ముందు జరిగిన కథ.

2016వ సంవత్సరము మే నెలలో, అంబర్‌పేట ప్రాంతమున తీసిన మురుగునీటి నమూనాలో పోలియో వైరసు బయటపడినది. మన దేశములో సహజమైన పోలియో వలన చివరిసారిగా జబ్బుపడినది హౌరా జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ. అది 2011 జనవరి 13వ తేదీ. పోలియో లేని దేశముగా 2014 మార్చి 27న ధ్రువపత్రము కూడ అందినది. అటుతరువాత రెండేండ్లకు ఈ వార్త! “పోయినదన్నారు గదా, మళ్ళీ ఎక్కడినుండి వచ్చినది?” అని తల్లిదండ్రులు అడిగినారంటే ఆశ్చర్యము లేదు. ఆ ప్రశ్నకు సమాధానము కొంచెము వివరముగా చెప్పవలసివున్నది. తొందరలో చెప్పిన సగము మాట భయమును పెంచునే గాని తగ్గించదు.

పోలియో వైరసులో మూడు రకములు గలవు. ప్రకృతిలో తిరిగే రెండవ రకము 1999లో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో కనిపించినదే ఆఖరు. ఆ తరువాత లోకములో ఎక్కడను కనిపించలేదు. అంబర్‌పేటలో దొరికినది రెండవ రకమే, కాని ఆ పాత శత్రువు కాదు. అది చుక్కల మందులోనుండి పుట్టినది. ఆల్బర్ట్ సేబిన్ రూపొందించిన చుక్కల మందులో ఉండేది బలము తీసివేసిన సజీవ వైరసు. అది బిడ్డ ప్రేగులలో కొన్ని వారములు పెరిగి, రోగనిరోధక శక్తిని కలిగించి, మలముతో బయటికి పోతుంది. చుట్టుప్రక్కల పిల్లలందరికి టీకాలు పడివుంటే దాని కథ అక్కడితో సరి. టీకా పడని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట మాత్రము అది ఒకరినుండి ఒకరికి పాకుతూ, పాకినకొద్ది మారుతూ, పోగొట్టుకొన్న బలమును తిరిగి సంపాదించుకొనవచ్చును. ఇట్లు జరిగే అవకాశము బహు స్వల్పము. ఇదే చుక్కల మందు మన దేశములో లక్షలాది పిల్లలను కుంటితనము నుండి కాపాడినదన్న మాట మరువరాదు. అయినను సహజమైన రెండవ రకము నశించిన పిమ్మట దానికి చుక్కలు వేస్తూ పోవుటలో లాభము కన్న ప్రమాదమే ఎక్కువ గనుక, 2016 ఏప్రిల్ 25న మన దేశము చుక్కల మందునుండి రెండవ రకమును తొలగించినది.

ఇక్కడ ఉన్నది చిక్కు. ఆ తేదీ తరువాత పుట్టిన బిడ్డలకు చుక్కల వలన రెండవ రకమునుండి రక్షణ లేదు. సరిగా ఆ వారములలోనే మురుగులో రెండవ రకము కనిపించినది. పోలియో సోకిన రమారమి రెండు వందల మందిలో ఒక్కరికే శాశ్వతముగా అవయవము చచ్చుబడుతుంది. తక్కినవారు ఏమియు ఎరుగకుండ తిరుగుతూ ఇతరులకు అంటిస్తారు. అందువలన ఒక బిడ్డ కాలు పడిపోయేవరకు వేచివుండుట తెలివైన పని కాదు. పోనీ, పాత చుక్కలనే మళ్ళీ వేయుదమా అంటే, తొలగించిన వైరసునే తిరిగి వీధులలోనికి విడిచినట్లు, అగ్నికి ఆజ్యము పోసినట్లు అవుతుంది.

మిగిలినది సూదిమందు. 1955లో జోనాస్ సాల్క్ పేరుతో లోకమెల్ల మారుమ్రోగిన టీకా అది. అందులో ఉండేది చంపిన వైరసు. అది ప్రేగులలో పెరుగదు, మురుగులో చేరదు, తిరుగబడదు. కాని ఆ సంవత్సరము లోకమంతట దానికి కరవు వచ్చినది. దేశములన్నియు ఒక్కసారిగా సూదిమందుకు మారుటచే గిరాకి పెరిగినది, ఉత్పత్తి పెరుగలేదు. ప్రమాదకరమైన వైరసును మొదట పెద్ద ఎత్తున పెంచి, తరువాత ఫార్మలిన్‌తో చంపి తయారుచేయవలసిన మందు గనుక దానిని కోరినంత తొందరగా ఎక్కువ చేయుట సాధ్యము కాదు.

హైదరాబాదు టీకాల నగరమని మనకు పేరు. 1953లో ఇక్కడ బయోలాజికల్ ఇ. సంస్థ వెలసినది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను స్వదేశములోనే తయారుచేసి, వందల రూపాయలు పలికే మందును సామాన్యునికి అందుబాటులోనికి తెచ్చినది. భారత్ బయోటెక్ వారి రోటావైరస్ టీకా 2016లోనే ప్రభుత్వ టీకాల కార్యక్రమములో చేరినది. ఇన్ని ఉండియు, అంబర్‌పేట పిల్లలకు కావలసిన ఆ ఒక్క మందు అవసరమునకు తగినంత లేకపోయినది. టీకా అందుబాటు అనగానే మనము ధరను గూర్చియే మాట్లాడుకొంటాము. ధర సున్న అయినను సీసాలో మందు లేకపోతే బిడ్డకు ఏమి అందుతుంది?

అప్పుడు అనుసరించిన ఉపాయమే ఐదవ వంతు మోతాదు. కండరములోనికి ఎక్కించే పూర్తి మోతాదు అర మిల్లీలీటరు. దానికి బదులు మిల్లీలీటరులో పదవ వంతును మాత్రము చర్మపు పొరల నడుమ ఎక్కించినారు. ఐదుగురికి వచ్చే సీసా ఇరువదియైదుగురికి వస్తుంది. పలుచన చేసి పంచిన మందు ఇదని అనుకొనరాదు. మందు అదే, చోటు మారినది. మన చర్మములో, బయటినుండి వచ్చే క్రిమిని పట్టి శరీరపు రక్షక దళమునకు అప్పగించే కణములు దట్టముగా ఉంటవి. కండరములో అట్లు ఉండవు. కావలివారు ఎక్కువగా ఉన్న ద్వారము దగ్గర కొద్ది మందు చాలును. ఇది 2016లో పుట్టిన ఆలోచన కూడ కాదు. టీకా క్రొత్తగా వచ్చిన దినములలో డెన్మార్కులో చర్మములోనికి చిన్న మోతాదులు ఇచ్చినారు. మశూచి నిర్మూలనములో రెండు కొనల సూది వచ్చి, పాత పద్ధతికి పట్టే మందులో నాలుగవ వంతుతోనే పని జరిపించినది.

కాని ఈ ఉపాయమునకు ఒక షరతు ఉన్నది, నా దృష్టిలో విషయమంతయు అందులోనే ఉన్నది. చేయి తప్పరాదు. సూదిని దాదాపు చర్మమునకు ఒరిపిడిగా పట్టి, దాని ఏటవాలు కొన పైకి ఉండునట్లు నిలిపి, పై పొరలోనికి మాత్రమే పోనిచ్చి మందును మెల్లగా వదలవలెను. సరిగా పడితే అక్కడ నారింజ తొక్క వలె చిన్న గుంటలు గల ఉబ్బు బఠానీ గింజంత లేస్తుంది. సూది రవంత లోతుకు పోయినదా, ఉబ్బు లేవదు. మందు చర్మము క్రిందికి జారిపోతుంది. పూర్తి మోతాదు కొంచెము ప్రక్కకు పోయినను పని చేయవచ్చును. ఐదవ వంతు ప్రక్కకు పోతే దాదాపు వృథా. అంటే సీసాలో తగ్గిన మందును చేతి నేర్పు భర్తీ చేయవలెను. ఏడుస్తూ కాళ్ళు చేతులు కొట్టుకొనే నెలల బిడ్డ భుజము మీద, జూన్ నెల ఉక్కలో, వరుసలో నిలుచున్న వందమంది ఎదుట!

ఆ నేర్పు మన సీమకు పాతదే. క్షయకు వేసే బి.సి.జి. టీకా కూడ చర్మములోనికే ఎక్కించవలెను. మన దేశములో ఆ టీకా 1948లో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలోని క్షయ చికిత్సాలయమున మొదలైనదంటే నేటి తెలుగువారిలో చాలమందికి తెలియదు. అప్పటినుండి తరతరముల నర్సులు, టీకాలు వేసే సిబ్బంది బిడ్డల ఎడమ భుజము మీద ఆ ఉబ్బును లేపుతూనే ఉన్నారు. 2016లో పోలియో సూదిని వేసినది అటువంటి చేతులే. ఆరోగ్య ఉపకేంద్రములోని ఏ.ఎన్.ఎం. సోదరి ఈ ఒక్క పనిలో పెద్ద డిగ్రీలు గల వైద్యుని కన్న నిపుణురాలు. నేను పరిహాసమునకు చెప్పుటలేదు. వైద్య కళాశాలలో విద్యార్థి పోలియో వైరసు ఆకృతిని, మూడు రకములను, పరీక్షలో వ్రాయవలసినదంతయు నేర్చుకొంటాడు. బిడ్డ భుజము మీద ఉబ్బు లేపుట ఆయనకు ఎన్నిసార్లు తటస్థపడుతుంది? “పోయిన జబ్బుకు మళ్ళీ సూది ఎందుకు?” అని ఒక తల్లి అడిగితే, నేను ఇందాక పది వాక్యములలో చెప్పినదానిని ఆమెకు మూడు వాక్యములలో చెప్పుట ఎవరు నేర్పుతారు?

మన నగరములో వైద్యవిద్య 1846లో, నాలుగవ నిజాము కాలమున స్థాపించిన వైద్య పాఠశాలతో ప్రారంభమైనది. అక్కడ పాఠములు ఉర్దూలో చెప్పినారు. రోగి మాట్లాడే భాష వైద్యునికి రావలెనన్న ఎరుక ఆ ఏర్పాటులో ఎంతో కొంత ఉన్నది. నల్లకుంట జ్వరాల ఆసుపత్రిని పాతవారు నేటికిని కోరంటి దవాఖానా అంటారు. క్వారంటీన్ అన్న మాట నాలుకల మీద అరిగి కోరంటి అయినది. కలరా, ధనుర్వాతము, కంఠసర్పి, కుక్కకాటు, ఈ రోగములను పుస్తకములో గాక మంచము ప్రక్కన చూచి నేర్చుకొన్న వైద్యులు అక్కడినుండి ఎందరో వచ్చినారు. కాని టీకా పని మంచము ప్రక్కన జరిగేది కాదు. అది బస్తీలో, అంగన్‌వాడీ అరుగు మీద, జబ్బులేని బిడ్డ దగ్గర జరుగుతుంది. 2021–22లో చేరినవారి నుండి ప్రతి వైద్యవిద్యార్థియు కొన్ని కుటుంబములను దత్తత తీసికొని వారి ఆరోగ్యమును కనిపెట్టి ఉండవలెనని జాతీయ వైద్య సంఘము నిర్ణయించినది. మంచి ఏర్పాటు. ఆ కుటుంబములలోని పిల్లలకు టీకా వేసే దినమున విద్యార్థి ఏ.ఎన్.ఎం. ప్రక్కన నిలిచి, ఆమె దగ్గర చేతిపని నేర్చుకొనునట్లు చేస్తే మరింత మంచిది.

2016 జూన్ 20 నుండి 26 వరకు, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతములలో, ఆరు వారములు మొదలు మూడేండ్ల వరకు వయసు గల పిల్లలకు ఐదవ వంతు మోతాదు వేసినారు. నాగోలు అప్పటికి రంగారెడ్డి జిల్లాలోనిదే. చుక్కలైతే ఇల్లిల్లు తిరిగి వేయవచ్చును; ఇది సూది గనుక శిబిరములకు పిల్లలను రప్పించవలసివచ్చినది. చుక్కలు ముందే వేయించిన తల్లులను కూడ ఒప్పించవలసివచ్చినది. ఒక్క వారములో మూడు లక్షల మందికి పైగా పిల్లలకు టీకా పడినది. పూర్తి మోతాదుల లెక్కను చూస్తే ఆ మందు అరువది వేల పైచిలుకు పిల్లలకు మాత్రమే వచ్చేది. అంబర్‌పేట మురుగులో దొరికిన ఆ వైరసు వలన ఏ బిడ్డకును పక్షవాతము వచ్చినట్లు నమోదు కాలేదు.

మురుగు ద్వారా పోలియో బయటపడుట బీదబస్తీలకే పరిమితమని ఎవరైనను తలచితే, 2022లో లండను మహానగరపు మురుగునీటిలో ఇదే రెండవ రకము, ఇట్లే మార్పు చెందినది, కనిపించిన సంగతి చెప్పవలెను. ఆ ఆగస్టులో అక్కడ ఒకటి నుండి తొమ్మిదేండ్ల పిల్లలందరికి అదనముగా పోలియో సూది వేయ నిశ్చయించినారు. అదే వేసవిలో న్యూయార్కు రాష్ట్రములో, టీకా వేయించుకొనని ఒక యువకునికి కాళ్ళు చచ్చుబడినవి.

ఇక ఇంటిలో పసిబిడ్డలు గలవారు తెలిసికొనవలసిన సంగతి. ఒకే ఒక్క ఐదవ వంతు మోతాదు చాలదు. రెండు పడితే ఒక పూర్తి మోతాదు కన్న మెరుగైన ఫలితము కనిపించినది. అందుచేత మన దేశములో ఆరవ వారమున ఒకటి, పదునాలుగవ వారమున రెండవది వేస్తున్నారు. 2023 జనవరి నుండి తొమ్మిది నెలలు నిండిన తరువాత మూడవది కూడ చేర్చినారు. చుక్కలు వేరుగా వేస్తూనే ఉంటారు. అవి ప్రేగులను కాపాడుతవి, సూది నరములను కాపాడుతుంది. ప్రభుత్వ కేంద్రములలో దీనికి రుసుము లేదు. టీకా కార్డులో ఈ మూడు గళ్ళును నిండినవో లేదో చూచుకొనండి. సూది వేసిన మరుక్షణము బిడ్డ భుజము మీద ఆ చిన్న ఉబ్బు లేచినదో లేదో కూడ చూడండి. లేవకపోతే అక్కడనే అడుగవచ్చును, తప్పు లేదు. లేచిన ఉబ్బును మాత్రము నలుపవద్దు, తడిగుడ్డతో అద్దవద్దు. కొద్దిసేపటికి అదే అణగిపోతుంది.