కంప్యూటరుకు దేవభాషే దిక్కా?

(వాడ పిల్లల కంప్యూటరు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



"కంప్యూటరుకు సంస్కృతాన్ని మించిన భాష లేదు" అనే మాట మీరంతా వినే ఉంటారు. దాని పుట్టుక ముందు తేల్చుకుందాం. 1985లో రిక్ బ్రిగ్స్ అనే అమెరికా పరిశోధకుడు ఒక వ్యాసం రాసిండు. పని ఎవరు చేసిండ్రు, దేన్ని చేసిండ్రు, దేనితో చేసిండ్రు అని వాక్యాన్ని విడగొట్టే పాత సంస్కృత వ్యాకర్తల పద్ధతి, కంప్యూటరుకు అర్థం అందించే పద్ధతికి దగ్గరగా ఉందన్నడు. దాన్ని పట్టుకుని మనవాళ్లు దేవభాష డప్పు మొదలుపెట్టిండ్రు. పాణిని సూత్రాలు కట్టిన తీరు గొప్పదే, మేము కాదనం. కానీ సూత్రాలు ఏ భాషకైనా కట్టొచ్చు. అంబేద్కర్ సంస్కృతం చదువుతానంటే అంటరానివాడని బడిలో ఒప్పుకోలేదు, పారసీ చదవాల్సొచ్చింది. మూసిన ఆ తలుపునే తెచ్చి ఇప్పుడు కంప్యూటరు గడపకు బిగిస్తమంటే ఊకుందామా?

అసలు కంప్యూటరుకు ఏ భాషా రాదు. దానికి తెలిసింది ఒకటీ, సున్నా. 1950లలో గ్రేస్ హాపర్ ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాము రాసే పద్ధతి తెచ్చింది. అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మన్ మాటలతో కూడా రాసి చూపిస్తే, అమెరికా కంప్యూటరుకు ఆ భాషలెట్లొస్తయని కంపెనీ పెద్దలు బిత్తరపోయిండ్రు. పట్టింపు యంత్రానిది కాదు, మనుషులదే.

2000లో డామియన్ కాన్వే లాటిన్‌లో ప్రోగ్రాములు రాసే పర్లిగాటా అనే ప్రయోగం చేసిండు. మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో ఏ మాట ముందు, ఏది వెనక అన్నదే ముఖ్యం. పర్లిగాటాలో మాట చివరి విభక్తే దాని పనేందో చెప్తది. ఇది మనకు కొత్తనా? "ఎల్లమ్మకు కూలి ఇయ్యి" అన్నా, "కూలి ఇయ్యి ఎల్లమ్మకు" అన్నా, ముట్టేది ఎల్లమ్మకే.

కాబట్టి మన ప్రయోగం ఇట్ల ఉండాలె. 'కు' అంటే చేరే చోటు. 'ని' అంటే చేరే సరుకు. 'నుంచి' అంటే తీసే చోటు. క్రియకు 'తే' తగిలితే షరతు, 'కుంటే' తగిలితే దాని ఎదురు, 'దాకా' తగిలితే మళ్లీ మళ్లీ చేయడం. కూలి లెక్క రాసి చూద్దాం:

మస్టరు అయిపోయేదాకా
మస్టరు నుంచి పేరుని తియ్యి.
పనికి వస్తే కూలిని పేరుకు రాయి.
రాకుంటే సున్నాని పేరుకు రాయి.

దీన్ని చదివి వినిపిస్తే, అక్షరం రాని కూలితల్లి కూడా తప్పెక్కడుందో పట్టుకుంటది. మస్టర్లో దొంగపేర్లు ఎక్కేది మనకు అర్థంకాని లెక్కల చాటునే కదా!

ఇక అసలు చిక్కు. ఎవరి తెలుగు? ఒకరు 'ఇయ్యి' అంటరు, ఒకరు 'ఇవ్వు' అంటరు. 'ఖాతాకు' అనేవాళ్లున్నరు, 'ఖాతాకి' అనేవాళ్లున్నరు. పుస్తకాల తెలుగొక్కటే ఒప్పని కడితే, మన పిల్ల 'ఇయ్యి' అని కొట్టంగనే తెర మీద 'తప్పు' అని పడతది. బడిలో బెత్తం చెప్పిన మాటే మిషనూ చెప్తది. అందుకే అన్ని యాసల రూపాలనూ ఒకే పనికి కట్టాలె. పట్టిక కొంత పెద్దదైతది, అంతే. రెండర్థాలొచ్చే చోట మాత్రం మిషను తనకు తోచింది చేయొద్దు, "ఏది?" అని అడగాలె. కూలి లెక్కలో ఊహకు చోటు లేదు.

ఇంగ్లీషు వద్దని మేము చెప్తలేము. ఉద్యోగాలు ఇంగ్లీషు మాటల ప్రోగ్రామింగ్ భాషల్లోనే ఉన్నయి, అవి మన పిల్లలు నేర్వాల్సిందే. అమ్మభాష పేరు చెప్పి ఇంగ్లీషు నుంచి మళ్లించేటోళ్లను నమ్మొద్దు. కానీ ఏది ఒప్పు, ఏది తప్పు అని తేల్చే చోట కూడా మనోళ్లు కూర్చోవాలె. ఇన్నాళ్లూ వ్యాకరణం వాళ్లు రాసిండ్రు, తప్పులు మన నెత్తిన పడ్డయి.

ఇంటికి పోయి మీ అమ్మ కూలి లెక్క ఎట్ల చెప్తదో వినండి. ఉన్నదున్నట్టు రాసుకుని రండి. వచ్చే తరగతి ఆ కాయితాలతోనే మొదలుపెడదాం.

జై భీమ్!