మందు పట్టడం లేదంటే

(బుచ్చయ్యపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మా పిల్లకి ఫిట్సు మందు పట్టడం లేదమ్మా" అని ఒక తల్లి అంటే మనం డాక్టరునో, దేవుణ్ణో తలుచుకుంటాం. ఆ పిల్ల పధ్నాలుగేళ్ళ ఆడపిల్లయితే ఆ మాట వెనక ఇంకా చాలా ఉంటుంది.

మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా సరైన మందు సరిగ్గా వాడితే ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మిగతా వారికి మందు నిజంగానే చాలకపోవచ్చు. కానీ ఆ మాట అనేముందు కొన్ని చూడాలి. పదేళ్ళప్పుడు రాసిన మోతాదే ఇప్పటికీ నడుస్తుంటుంది, పిల్ల బరువు మాత్రం పెరిగిపోయి ఉంటుంది. చెరకు కొట్టే రోజుల్లో తల్లి తెల్లారకుండానే పనికి పోతుంది, పొద్దుటి మాత్ర తప్పిపోతుంది. పదో తరగతి చదువులని పిల్ల అర్ధరాత్రి దాకా మేలుకుంటుంది. నిద్ర చాలకపోతే ఫిట్స్ రావచ్చు. కొందరికి నెలసరి చుట్టూనే ఎక్కువ వస్తాయి. ఇవన్నీ తెలిసింది తల్లికి. ఆసుపత్రిలో మాట్లాడేది తండ్రి.

పిల్లే మాత్ర పారేస్తుంది కూడా. ఫెనిటాయిన్ వల్ల చిగుళ్ళు ఉబ్బవచ్చు, ముఖం మీద వెంట్రుకలు రావచ్చు. ఫినోబార్బిటాల్‌తో క్లాసులో మగత. మొండిఘటం అని తిడతారు. నాకది మొండితనంగా కనబడదు. తన ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

అన్నిటికన్నా పెద్దది దాపరికం. మాత్రలు బియ్యం డబ్బాలో ఉంటాయి. చుట్టాలొస్తే ఆ పూట మాత్ర లేదు. రేపు సంబంధం తప్పిపోతుందని భయం. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. 1976 సవరణతో హిందూ వివాహ చట్టమే పదేపదే మూర్ఛ రావడాన్ని పిచ్చితో ఒక గాటన కట్టి, పెళ్ళికి అడ్డు అంది. 1999లో పార్లమెంటు ఆ మాట తీసేసింది. చట్టం మారిన సంగతి మన ఊళ్ళకు ఇంకా చేరలేదు. మగపిల్లవాడి మాత్రలు ఇంత భద్రంగా దాచడం నేనైతే చూడలేదు.

వాల్‌ప్రోయేట్ సంగతి తప్పక అడగాలి. గర్భిణి ఈ మందు వాడితే పుట్టే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి పుట్టుకతో లోపాలుంటాయి; ఎదిగాక బుద్ధి వికాసం మీదా దెబ్బ పడవచ్చు. ఈడొచ్చిన పిల్లకు ఇది చెప్పకుండా మందు రాయడం హక్కును కాలరాయడమే. అలాగని విని భయపడి మానేయకూడదు. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరే నెమ్మదిగా మార్చాలి.

సరిగ్గా ఎంచిన రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. 2010లో అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం పెట్టిన నిర్వచనమిది. అప్పుడు మూడోది, నాలుగోది మారుస్తూ ఏళ్ళు గడపకుండా, ఆపరేషన్ పనికొస్తుందేమో చూడమని పెద్దాసుపత్రికి పంపమని అడగాలి. తిరువనంతపురం శ్రీచిత్రలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తున్నారు.

ఫిట్స్ వస్తే తాళాల గుత్తికి పరుగెత్తవద్దు. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, పేరు తాళాలకొస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. క్యాలెండరులో తేదీ, నెలసరి, తప్పిన మాత్ర రాయమని తల్లికీ పిల్లకీ చెప్పండి. అది నిజంగా ఫిట్సేనా అని తేల్చుకోడానికి డాక్టరుకు వీడియో బాగా పనికొస్తుంది. కానీ తీయవచ్చా అని పిల్లను ముందే అడగండి. డాక్టరు చూశాక అది అన్నయ్య ఫోనులో ఉండిపోకూడదు.