కోల్‌స్లా – మన పెరుగుతో



ఎండలు ముదిరి పిల్లలకు సెలవులు రాగానే మన ఇళ్ళల్లో చుట్టాల సందడి మొదలవుతుంది. ఆవకాయ జాడీలు, వడియాల బట్టలు, మామిడిపళ్ళ బుట్టలు ఎప్పుడూ వున్నవే. యీ మధ్య వీటికి తోడు మరొక వేడుక వచ్చి చేరింది. సాయంత్రం కాస్త చల్లబడ్డాక మేడమీద బొగ్గుల పొయ్యి రాజేసి, పనీరు ముక్కలో, మొక్కజొన్న కండెలో, కోడిమాంసమో కాల్చుకుంటూ అందరూ కలిసి భోంచేయడం. పిల్లలు దీన్ని బార్బెక్యూ అంటారు. అమెరికాలో వున్న వాళ్ళయితే కుకౌట్ అంటారు.

మేముండే నానక్‌రామ్‌గూడలో యిది మరీ ఎక్కువ. ఒకప్పుడు రాతిగుట్టల నడుమ చిన్న ఊరు. రామానాయుడు స్టూడియో వున్నచోటుగా సినిమావాళ్ళకు తెలుసు. తరువాత అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వచ్చింది, చుట్టూ ఆకాశమంత అపార్టుమెంట్లు లేచాయి. 2023 మార్చిలో అమెరికా కాన్సులేటు కూడా బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి యిక్కడికే మారింది. అమెరికా వెళ్ళేవాళ్ళూ, అక్కణ్ణించి సెలవులకు వచ్చేవాళ్ళూ ప్రతి అంతస్తులోనూ వుంటారు. ఆ వచ్చిన మనవలూ మనవరాళ్ళూ, "అమ్మమ్మా, కాల్చినవాటి పక్కకి కోల్‌స్లా లేదా?" అని అడుగుతారు. అందుకని యివాళ ఆ కోల్‌స్లా గురించి మీతో ముచ్చటిద్దామనుకుంటున్నాను.

పేరు విని బెదిరిపోకండి. సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీలో, అదే మన హైదరాబాదు బజారులో పత్తా గోబీ అంటారే, అందులో కాస్త క్యారెట్టు చేర్చి, పుల్లపుల్లగా తియ్యతియ్యగా వుండే చిక్కటి మీగడలాంటి పదార్థంతో కలిపితే అదే కోల్‌స్లా. వేడివేడిగా, కారంగా, పొగవాసనతో వున్న ముక్క నోట్లో పెట్టుకున్నాక చల్లగా కరకరలాడేది ఒకటి కావాలనిపిస్తుంది కదా! బిర్యానీ పక్కన మనం పెరుగుచట్నీ పెట్టుకునేది అందుకే. అదీ యిదీ అక్కచెల్లెళ్ళే.

ఆ చిక్కటి పదార్థం దగ్గరే మనం ఆగి ఆలోచించవలసి వుంది. ఎక్కువమంది అందులో వాడేది మయోనైజ్. పచ్చిగుడ్డు సొనలో నూనె కొద్దికొద్దిగా పోస్తూ గిలక్కొట్టి, నిమ్మరసమో వెనిగరో చేర్చి చేస్తారు. దీన్ని పొయ్యిమీద పెట్టరు. అంటే గుడ్డు పచ్చిగానే మన కడుపులోకి వెళుతుంది. గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వుంటే అదీ ప్రాణంతోనే వెళుతుంది. పైపెంకు ఎంత శుభ్రంగా కడిగినా లాభం లేదు, ఒక్కోసారి అది లోపలి సొనలోనే వుంటుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే చచ్చిపోతుందనుకోవడం కూడా పొరపాటే.

2024 అక్టోబరులో మన హైదరాబాదులోనే వీధిలో అమ్మిన మోమోలు తిని చాలామంది జబ్బుపడ్డారు. ఒక మహిళ ప్రాణమే పోయింది. ఆ నెల 30వ తేదీ నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్ తయారీని, నిలవను, అమ్మకాన్ని ఒక ఏడాదిపాటు నిషేధించింది. అంతకుముందు 2023లో కేరళ, ఆ తరువాత 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా యిటువంటి నిషేధమే పెట్టాయి. ఉత్తర్వు గడువు తీరిపోవచ్చు గాని, గుడ్డు స్వభావం మారదు కదా! పైగా ప్రభుత్వం నిషేధించగలిగింది అంగళ్ళలో అమ్మేదాన్ని. మన మిక్సీలో మనం తిప్పేదాన్ని చూసుకోవలసింది మనమే.

కంపెనీలు సీసాల్లో అమ్మే మయోనైజ్ సంగతి వేరు. వాటిలో గుడ్డు లేని రకాలున్నాయి, ఆకుపచ్చ చుక్క చూసి గుర్తుపట్టవచ్చు. గుడ్డువున్న రకమైతే పాశ్చరైజ్ చేసిన గుడ్డు అని సీసామీద రాసివుందో లేదో చూడండి. కొనేముందు తేదీ చూసి, మూత తీశాక ఫ్రిజ్‌లోనే వుంచాలి.

నన్నడిగితే అసలు మయోనైజే అక్కరలేదంటాను. కోల్‌స్లా అనే మాట డచ్చివాళ్ళది. మన మచిలీపట్నంలో ఒకప్పుడు వర్తకం చేశారే, ఆ డచ్చివాళ్ళే. వాళ్ళ భాషలో కూల్ అంటే క్యాబేజీ, స్లా అంటే సలాడు. అమెరికాలో స్థిరపడిన డచ్చి కుటుంబాలు యీ వంటను అక్కడికి తీసుకుపోయాయి. 1749లో పెహర్ కాల్మ్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆల్బనీ అనే ఊళ్ళో బసచేసినప్పుడు, ఇంటి యజమానురాలు క్యాబేజీని సన్నగా తరిగి నూనె, వెనిగరు, ఉప్పు, మిరియాలు కలిపి వడ్డించిందని రాసుకున్నాడు. చూశారా, అందులో గుడ్డు మాటే లేదు. మయోనైజ్ తరువాత వచ్చి చేరినదే. అటువంటప్పుడు ఆ చోట మన పెరుగు కూచుంటే ఎవరు కాదంటారు?

పదిమందికి సరిపడే కొలతలు చెబుతాను, రాసుకోండి. గట్టిగా, బరువుగా వున్న క్యాబేజీ ఒక కిలో. మధ్యరకం క్యారెట్లు రెండు. చిన్న ఉల్లిపాయ ఒకటి. కాచిన చిక్కటి పాలతో తోడుపెట్టిన పెరుగు ఒక లీటరు. పాలమీగడ నాలుగు పెద్ద చెంచాలు. ఆవపిండి ఒక చిన్న చెంచా. పంచదార రెండు చిన్న చెంచాలు. మిరియాలపొడి అర చెంచా. నిమ్మకాయ ఒకటి. ఉప్పు. మీగడ లేకపోతే పది జీడిపప్పులు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బుకోండి, మయోనైజ్‌లో వుండే ఆ నునుపు వస్తుంది.

పొద్దున్నే చేసుకోవలసిన పని ఒక్కటే. పెరుగును పలచని తెల్లబట్టలో మూటగట్టి, జల్లెడలో పెట్టి, అడుగున గిన్నె వుంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు నాలుగు గంటల్లో నీరంతా దిగి వెన్నముద్దలా తయారవుతుంది. దిగిన తేట పారబోయకండి, చపాతీపిండి తడుపుకుంటే మెత్తగా వస్తాయి.

యిక క్యాబేజీ. పచ్చి క్యాబేజీ తింటే మెదడులో పురుగులు చేరతాయని చాలామందికి భయం. ఆ భయంలో కొంత నిజముంది. మురుగునీటితో పండించిన ఏ ఆకుకూరమీదనైనా బద్దెపురుగు గుడ్లు అంటుకుని వుండవచ్చు. అవి కడుపులోకి పోతే, అక్కణ్ణించి మెదడుకు చేరే ప్రమాదం వుంది. కనుక శుభ్రం చేయడంలో బద్ధకించకూడదు. పైన వున్న మూడు నాలుగు ఆకులు తీసిపారేయండి. మిగిలిన ఆకులు ఒక్కొక్కటీ విడదీసి, ధారగా పడే మంచినీళ్ళకింద రెండువైపులా వేళ్ళతో రుద్ది కడగండి. ఉప్పునీళ్ళలో వేస్తే ఆకుపురుగులు తేలతాయి గాని కంటికి కనపడని గుడ్లు చావవు. గర్భిణీలు, ముసలివాళ్ళు, జబ్బుపడి లేచినవాళ్ళు తినేటట్లయితే, తరిగిన క్యాబేజీని మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వుంచి, కాచి చల్లార్చిన నీళ్ళలో వేసి పిండి వాడండి. కరకర కొంచెం తగ్గుతుంది, నిశ్చింత పెరుగుతుంది.

కడిగిన ఆకుల్ని బట్టమీద ఆరబెట్టి, నాలుగైదు ఆకులు కలిపి చుట్టగా చుట్టి, జుట్టుపోగుల్లా సన్నగా తరగండి. రెండు చిన్న చెంచాల ఉప్పు చల్లి చేత్తో నలిపి యిరవై నిమిషాలు వదిలేయండి. ఉప్పు క్యాబేజీలోని నీటిని బయటికి లాగుతుంది. యీ పని ముందుగా చేయకపోతే అదే నీరు పెరుగులో వూరి, వడ్డించే వేళకు కోల్‌స్లా కాస్తా మజ్జిగపులుసు అవుతుంది. చాలామంది "మాకు చిక్కగా రాదండీ" అనడానికి కారణం యిదే. బాగా పిండి పక్కన పెట్టుకోండి. పిండిన నీళ్ళు పప్పు వుడికేటప్పుడు పోసుకోవచ్చు, ఆ మేరకు పప్పులో ఉప్పు తగ్గించండి.

ఒక లోతైన గిన్నెలో పెరుగుముద్ద, మీగడ, పంచదార, మిరియాలపొడి, నిమ్మరసం వేసి నునుపుగా గిలక్కొట్టండి. ఆవపిండిని చెంచాడు చల్లని నీళ్ళలో తడిపి పది నిమిషాలు వుంచి కలపండి, ఘాటు అప్పుడు బయటపడుతుంది. అరటిపువ్వు కూరకు ఆవ పెట్టినవాళ్ళకు నేను చెప్పేదేముంది! క్యారెట్టు కోరు, సన్నని ఉల్లిముక్కలు, పిండిన క్యాబేజీ వేసి కలిపి రుచి చూడండి. క్యాబేజీకి అప్పటికే ఉప్పు పట్టివుంటుంది గనుక ఆఖరున చూసి వేసుకుంటే మంచిది. మూతపెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో వుంచితే రుచులు కలుస్తాయి. పెరుగు మూట సిద్ధంగా వుంటే మన చేతిపని ముప్పావుగంట మించదు.

యింత చేశాక మేడమీద జరిగేది చూసుకోవాలి. పెరుగు పులుపు కొన్ని సూక్ష్మజీవులను నెమ్మదింపజేస్తుంది గాని, అదేమీ మంత్రం కాదు. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడి మధ్య సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. మన ఎండాకాలపు సాయంత్రం ముమ్మూర్తులా వాటికి పుట్టిల్లే. యిటువంటి పదార్థాలు మామూలుగా రెండు గంటలకు మించి బయట వుండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మే నెలలో హైదరాబాదులో పొద్దుగుంకాక కూడా అంత వేడి వుంటుంది కదా! అందుచేత చేసినదంతా ఒక్కసారి పైకి మోయకండి. సగం ఫ్రిజ్‌లోనే వుంచి, సగం స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను మంచుముక్కలు పోసిన పెద్ద బేసినులో నిలబెట్టండి. పొయ్యిమీద ముక్కలు కాలి, విస్తళ్ళు వేశాకే పైకి తేవాలి.

మాంసాహారం వండేవాళ్ళు యింకొకటి గుర్తుంచుకోవాలి. పచ్చి కోడిమాంసం కోసిన కత్తిపీటమీద క్యాబేజీ తరగకూడదు. మసాలా పట్టించిన చేత్తో కోల్‌స్లా గరిటె పట్టుకోకూడదు. మాంసం నిప్పులమీద కాలుతుంది, దాని క్రిములు చస్తాయి. క్యాబేజీ పచ్చిగానే తింటాం, దానికంటుకున్నవి అలాగే వుంటాయి. మగవాళ్ళు పొయ్యిదగ్గర నిలబడి విసనకర్ర విసురుతున్నప్పుడు, యీ రెండు గిన్నెలనూ దూరంగా వుంచే బాధ్యత ఎవరో ఒకరికి ముందే అప్పగించండి.

చివరిగా ఒక్కమాట. విందయ్యాక గిన్నెలో నాలుగు గరిటెలు మిగులుతాయి. పారేయడానికి మనకు మనసొప్పదు. అందరూ తిని లేచాక, రాత్రి పదిన్నరకు, వంటింటి గట్టుదగ్గర నిలబడి దాన్ని తినేది ఎవరు? మనమే. లేకపోతే మర్నాడు పొద్దున్న పనమ్మాయి డబ్బాలోకో, కింద వాచ్‌మన్ కుటుంబానికో చేరుతుంది. మూడు గంటలు వేడిలో వున్న గిన్నెను మన పసిపిల్లలకు పెట్టం కదా, అది వాళ్ళ పిల్లలకు కూడా పెట్టవద్దు. యివ్వాలనుకుంటే ఫ్రిజ్‌లో దాచిన సగంలోంచి, విందు మొదలవకముందే వాళ్ళ భాగం తీసి చల్లగా యివ్వండి. మన భాగం కూడా అప్పుడే ఒక గిన్నెలో తీసిపెట్టుకుని, అందరితోపాటు కూచుని తినండి. బయట మిగిలినదాన్ని మొహమాటం లేకుండా పారేయండి. ఒక కిలో క్యాబేజీ ఖరీదు ఆసుపత్రి చీటీ ఖరీదుకంటే ఎప్పుడూ తక్కువే.

పిల్లలు కోరింది పెట్టడంలో ఆనందముంది. దాన్ని మన చేతికి అలవాటైన పెరుగుతో, ఆవపిండితో చేసి పెట్టి చూడండి. వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు ఆవకాయతోపాటు యీ కొలతలు కూడా రాసిమ్మని అడుగుతారేమో!