వకీలును పెట్టుకొనలేనివారి హక్కు

పెద్దలారా,

గ్రామమున తగవు పుట్టినప్పుడు జనులు ముందుగా మీ యరుగెక్కుదురు. అక్కడ తీరనప్పుడు కోర్టు మాట వచ్చును. ఆ మాట వినగానే పేదవాని గుండె ఝల్లుమనును. వకీలు ఫీజు, కోర్టు రుసుము, వాయిదాల ప్రయాణములు, వీనికై యెద్దునో యెకరమునో అమ్ముకొనవలసి వచ్చునని వాని భయము. ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనని మనవారు ఊరకే అనలేదు. ఈ భయముచేతనే ఎందరో న్యాయమైన తమ సొత్తును వదలుకొనుచున్నారు. అట్లు వదలుకొన నక్కరలేదని చెప్పుటకే నేనీ ప్రసంగమును చేయుచున్నాను.

మన బనగానపల్లె 1948 వరకు నవాబుల యేలుబడిలోని సంస్థానము. ఆ యేట అది మదరాసు రాష్ట్రమున, కర్నూలు జిల్లాలో చేరెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకును, 1956లో ఆంధ్రప్రదేశమునకును చెందినది. 2022లో నంద్యాల జిల్లా యేర్పడగా అందు భాగమైనది. సరిహద్దులకంటె పెద్దమార్పు వేరొకటి గలదు. సంస్థానపు ప్రజ ప్రభువునకు విన్నవించుకొనువాడు; ప్రభువు దయతలచిన మేలు, తలపకున్న లేదు. 1950 జనవరి 26వ తేదీ మొదలు మనము పౌరులము. చట్టము ముందర అందరు సమానులని రాజ్యాంగపు 14వ అధికరణము చెప్పుచున్నది. అయితే ధనవంతునికి వకీలుండి పేదవానికి లేనప్పుడు ఆ సమానత్వము కాగితముమీదనే నిలుచును. ఈ లోపమును దీర్చుటకై 1976లో 39ఎ అధికరణమును చేర్చిరి. దాని ననుసరించి 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము పుట్టి, 1995 నవంబరు 9 నుండి అమలునకు వచ్చినది.

ఈ చట్టము క్రింద ఉచితసహాయ మెవరికి? స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, అంగవైకల్యము గలవారికి, పరిశ్రమలలోని కార్మికులకు, వెట్టిచాకిరికి గురియైనవారికి, నిర్బంధములో నున్నవారికి. వరద, కరవు, భూకంపమువంటి ఉపద్రవములచే దెబ్బతిన్నవారికి గూడ. కరవెరిగిన మన సీమలో ఈ మాటను మరువరాదు. వీరెవ్వరికిని ఆదాయపరిమితి లేదు. తక్కినవారికి మాత్రము ప్రభుత్వము నిర్ణయించిన మొత్తమునకు లోబడి ఆదాయ ముండవలెను. అందుకు ప్రమాణపత్రమునే చాలినంత సాక్ష్యముగ గైకొనవచ్చును.

సహాయమనగా సలహా మాత్రమే కాదు. వకీలును నియమించుట, కోర్టు రుసుము చెల్లించుట, పత్రములు వ్రాయించుట, నకళ్లు తెప్పించుట ఇందులోనివే. సివిలు, క్రిమినలు కోర్టులేగాక రెవిన్యూ విచారణలకును ఇది వర్తించును. ఇట్లు నియమితుడైన వకీలు కక్షిదారునినుండి ఒక్క రూపాయియైన పుచ్చుకొనరాదు. అయితే వ్యాజ్యములో పసయున్నదని సంస్థవారికి తోచవలెను.

ఒక సంగతిని ఊహింతము. తండ్రి పోయినపిదప అన్నదమ్ములు పొలము పంచుకొనిరి. అత్తవారింటనున్న ఆడబిడ్డ వాటా యడుగగా, పసుపుకుంకుమలు పెట్టితిమిగదా యనిరి. హిందూ ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట ఇచ్చిరి. ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారము ముగిసిన పంపకములను మాత్రము తిరుగదోడరు. తండ్రి స్వార్జితమును వీలునామా వ్రాసి వేరొకరికి ఇచ్చియున్న ఆ సంగతి వేరు. ముసల్మాను కుటుంబములకు వారి ధర్మశాస్త్రము వేరైనను, అందును కుమార్తెకు వాటా గలదు. ఆ యాడబిడ్డ స్త్రీయగుటచేతనే, ఆమె భర్త కెంత యాదాయ మున్నదని అడుగకయే, ఉచిత వకీలు లభింపవలెను.

ఇక ఎక్కడికి పోవలెను? నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె ప్రాంతములవారు తమకు దగ్గరి న్యాయస్థానమునకు పోయి, మండల న్యాయసేవా కమిటీ యెక్కడ నని అడిగిన చాలును. తెల్లకాగితముపై తగవు స్వరూపము, పేరు, చిరునామా వ్రాసి, ఉన్న పత్రముల నకళ్లను జతచేయవలెను. చదువురానివారు నోటితో చెప్పినను వ్రాసికొందురు. పోలేనివారు 15100 అను నంబరునకు ఉచితముగ ఫోను చేయవచ్చును.

కోర్టుకెక్కక మునుపే తగవును లోక్ అదాలతునకు తీసికొనిపోవచ్చును. ఇరుపక్షములు ఒప్పుకొన్ననే అక్కడ రాజీ. ఒప్పుకొన్నపిదప అది సివిలుకోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కావున వ్రాతను చదివించుకొని, అర్థము చేసికొనిన తరువాతనే చేవ్రాలు చేయవలెను.

మరియొక హెచ్చరిక. హక్కునకు గడువు గలదు. ప్రామిసరీనోటు బాకీకి సాధారణముగ మూడేండ్లే గడువు. రేపు చూతము, పండుగ వెళ్లనిమ్ము అనుచుండగా కాలము దాటిపోవును. అరెస్టయినవారి విషయమున గంటలే లెక్క. కారణమును తెలుపవలెను, ప్రయాణకాలము మినహా ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను, వకీలుతో మాటలాడనీయవలెను. వకీలును పెట్టుకొనలేని ముద్దాయికి ప్రభుత్వ వ్యయముతో వకీలు నొసగవలెనని 21వ, 39ఎ అధికరణముల సారముగ న్యాయస్థానములు చెప్పినవి.

పెద్దలారా, మీ మాటకు గ్రామమున గౌరవము గలదు. సామరస్యమునకై మీరు చేయు యత్నము శ్లాఘ్యమే. కాని యిష్టములేని యాడబిడ్డచేత హక్కువిడుదల పత్రముపై వ్రేలిముద్ర వేయించుట సామరస్యము కాదు. బెదరించి వ్రాయించినది చట్టము ముందర నిలువదు. మీ యరుగుమీద తగవు తీరనప్పుడు, "ఖర్చు లేకుండ వకీలు దొరకును, ఫలానిచోటికి పొమ్ము" అని ఒక్కమాట చెప్పుడు. ఆ మాటకు మీకు పోవునది లేదు. వినినవానికి యెకరము నిలువవచ్చును.