అల్లిక: ఇంటి పనుల వెనుక ఉన్న ఒకే నేర్పు

ఇంటి పని అనగానే వంట, ఊడ్పు, గిన్నెలు, నీళ్లు మోయడం గుర్తుకు రావడం పరిపాటి. పెరట్లో మొక్కలు పెంచడం, పద్దులు ఉత్తరాలు రాసుకోవడం, బట్టలు ఉతికి మడిచి భద్రపరచడం, తలంటి జడ వేయడం వంటివి ఆ లెక్కలోకి కూడా సరిగా రాక, తీరిక వేళ చేసుకునే పనులుగా చెల్లిపోతుంటాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు ఇళ్లను దృష్టిలో ఉంచుకొని ఈ నాలుగు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటి వెనుక ఉన్నది ఒకే నేర్పు అని తేలుతుంది. చిక్కు విడదీయడం, విడిపోయిన పాయలను వరుసలో పెట్టడం, వరుస తప్పకుండా తిరిగి కలపడం ఆ నేర్పులోని అంగాలు. దానికి సాక్ష్యం వెతకడానికి శాసనాల దాకా వెళ్లనక్కరలేదు. ఆ పనులు తమలో తాము పంచుకున్న తెలుగు మాటలే అందుకు చాలు.

ఈ మూడు ఊళ్లూ బెంగళూరు – గుంతకల్లు రైలు మార్గం మీద ఉన్నవి; 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి, అంతకు ముందు అనంతపురం జిల్లాలోనివి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు, చింతపండు బజారుకు పేరుపడింది. ఆ ఊరిని ఆనుకొని ఉన్న కిరికెరలో పట్టు పరిశ్రమకు సంబంధించిన రాష్ట్ర పరిశోధన, అభివృద్ధి సంస్థ పనిచేస్తోంది. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరుతో అమ్మే సరుకు ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారైనదే కావాలని చట్టం ఇచ్చిన రక్షణ. ఈ రెంటి నడుమ ఉన్న పెనుకొండ, 1565లో జరిగిన తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజ్యానికి రాజధాని అయిన దుర్గం. ఆకు, గూడు, పోగు, చీర, వాటిని ధరించిన దర్బారు అన్నీ ఒకే దారి వెంబడి ఉన్న ఇలాంటి సీమ అరుదు.

ముందుగా పెరటిని చూడాలి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ ప్రాంతంలో ఇంటి తోట అంటే నీటిని ఒకటికి రెండుసార్లు వాడుకునే ఏర్పాటు అని అర్థం. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొదట్లోకి, స్నానాల నీళ్లు జలదారి వెంట అరటి, మునగ మొదళ్లకు పోతాయి. పులిసిన మజ్జిగ సైతం కరివేపాకుకే చేరుతుంది. మొక్క చుట్టూ గట్టు కట్టిన చిన్న గుంటను పాదు అంటారు. పాదు మరీ లోతైతే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది, మరీ పైపైన ఉంటే నీరు పక్కకు జారిపోతుంది కాబట్టి, పాదు చేయడమన్నది నీటి కొలత తెలిసిన చేతి పని. చిక్కుడు, కాకర, మల్లె వంటి తీగలకు పందిరి వేసి, కొసను పట్టి కర్రకు ఒక చుట్టు తిప్పి వదిలితే ఆ పైన తీగే అల్లుకుంటుంది. ఆ ‘అల్లు’ అన్న క్రియే ఈ ప్రసంగానికి కీలకం. తీగ అల్లుకుంటుంది, జడ అల్లుతారు, దారంతో లేసు అల్లుతారు, చివరికి కథ కూడా అల్లుతారు. తోట, తల, బట్ట, రాత అన్న నాలుగింటికీ తెలుగువాడు ఒకే మాట వాడుకున్నాడంటే, ఆ నాలుగింటిలోనూ చేతి కదలిక ఒకటేనని గమనించాడన్నమాట.

ఇంటి తోటకూ పరిశ్రమకూ మధ్య ఉండే గీత ఈ ప్రాంతంలో పట్టుపురుగుల పెంపకం దగ్గర చెరిగిపోతుంది. మల్బరీ ఆకు మేసే పురుగు సుమారు 25 రోజులలో నాలుగు సార్లు చర్మం విడుస్తుంది. మేత మాని తల ఎత్తి కదలకుండా ఉండే ఆ దశను రైతులు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అంటూ పసిబిడ్డ ఆరోగ్యం చెప్పినట్టే లెక్క చెబుతారు. మేత పూర్తయిన పురుగులను చంద్రికల మీదికి, అనగా వెదురుతో చుట్లు చుట్లుగా అల్లిన తట్టల మీదికి మార్చితే, అవి అక్కడ గూళ్లు కడతాయి. ఆ గూటిని వేడినీళ్లలో వేసి పోగు కొస దొరకబుచ్చుకొని లాగితే వందల మీటర్ల పొడవున, మేలిరకమైతే వెయ్యి మీటర్ల దాకా, తెగని పోగు వస్తుంది. కొస దొరకడమే అక్కడ అసలు పని.

తలంటు విషయానికి వస్తే, జుట్టుకూ పట్టుకూ ఉన్న చుట్టరికం రసాయన శాస్త్రం చెప్పేదే. వెంట్రుకలో ఉన్నది కెరటిన్, పట్టుపోగులో ఉన్నది ఫైబ్రోయిన్, రెండూ మాంసకృత్తులే. ఘాటైన క్షారం తగిలితే రెండూ పెళుసెక్కి మెరుపు పోగొట్టుకుంటాయి. అందువల్లనే ఒకే కుంకుడు రసం ఇంట్లో తలకూ పనికివచ్చింది, పట్టుచీరకూ పనికివచ్చింది. కుంకుడుకాయలను రాతి మీద చితక్కొట్టి, నల్లని గింజ ఏరి పారేసి, తొక్కను వేడినీళ్లలో నానబెట్టి, జిగట దిగేదాకా పిసికి, పలుచని గుడ్డలో వడగడతారు. అందులోని సపోనిన్లు, అంటే నీటిలో నురుగు పుట్టించే సహజ పదార్థాలు, నూనెను పట్టుకొని నీటితో పాటు జారిపోతాయి. సీకాయ పొడి చేసేదీ అదే పని. ముందు రాసిన ఆముదం కుంకుడుతో వదలాలంటే ఎంత రసం, ఎన్ని మార్లు అన్న అంచనా అమ్మమ్మల చేతులకు తెలిసినంతగా ఏ సీసా మీద అచ్చువేసిన సూచనకూ తెలియదు. తల ఆరిన తరువాత చిక్కు తీయడంలోనూ ఒక క్రమం ఉంది: దువ్వడం కుదుళ్ల దగ్గర మొదలు పెట్టరు, కొసల దగ్గర చిక్కు విడిపించుకుంటూ పైకి వెళతారు, లేకుంటే ముడి బిగుసుకొని వెంట్రుక తెగుతుంది. ఆ పిమ్మట పాపిట తీసి మూడు పాయలు చేస్తారు. ఏరు చీలితే పాయ, జుట్టు విడదీస్తే పాయ.

ధర్మవరం మగ్గం దగ్గర ఇదే క్రమం పెద్ద ఎత్తున కనిపిస్తుంది. నిలువు పోగులు పడుగు, అడ్డపోగులు పేక. పడుగు పోగులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఒక్కొక్క సందులోంచి దూర్చి నిలిపే సాధనం అచ్చు. అది చూపుకు పొడవాటి దువ్వెన, చేసేదీ దువ్వెన పనే. ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు దాని కొసలను కోసి పారేయరు. కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతారు. వేళ్లకు కాస్త బూడిద అద్దుకొని, రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి ఒక మెలి తిప్పితే అతుకు పడుతుంది, మరుక్షణం చేయి పక్కపోగు మీదికి వెళుతుంది. ఇలా వేల పోగులు అతకాలి. ఒక్క పోగు వరుస మారినా ఆ తప్పు చీర పొడవునా గీతలా సాగుతుంది. ఇటువంటి పనులూ కండెలు చుట్టడమూ చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి మీదుగానే జరుగుతాయి. పొద్దున బిడ్డ జడలోని మూడు పాయలను ఎగుడుదిగుడు లేకుండా బిగించిన చేతులే మధ్యాహ్నం పట్టుపోగు బిగువును చూస్తాయి. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు పెట్టి నేసినప్పుడు వెలుగు పడిన తీరును బట్టి రంగు మారే నెమలికంఠం వంటి ఛాయలు పుడతాయి. చీర ఇంటికి వచ్చాక దానిని నూలుగుడ్డలో చుట్టి, కొన్ని నెలలకొకసారి మడత మార్చి పెట్టాలి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే జరీ అక్కడ చిట్లుతుంది.

రాత దగ్గరికి వస్తే బంధుత్వం ఇంకా స్పష్టమవుతుంది. ‘క’ అక్షరం నెత్తిన ఉండే గుర్తును తలకట్టు అంటారు. తలపాగాకూ, జుట్టు ముడిచిన తీరుకూ అదే పేరు. ‘కృ’ రాసేటప్పుడు కింద పెట్టే గుర్తు వట్రుసుడి. వట్రువ అంటే గుండ్రన, సుడి అంటే నీటిలోనూ నడినెత్తి మీదా కనిపించేదే. కరణాలు కలం ఎత్తకుండా రాసిన రాత గొలుసుకట్టు, రవిక అంచున వేసే ఒక రకం కుట్టు గొలుసుకుట్టు. తాటాకు మీద గంటంతో సూటిగా గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది కనుక అక్షరాలు గుండ్రపడ్డాయని పండితులు చెప్పే మాట, రాత కూడా ఒక పీచు మీద చేసిన చేతి పని అని గుర్తుచేస్తుంది. మగ్గం దగ్గర రాతా నేతా ఏకమే అవుతాయి. చీర మీద నేసే పూల బొమ్మను, అంటే బుటాను, ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఒక గడి ఒక పోగు కలయిక. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో జాకార్డ్ రూపొందించిన ఈ ఏర్పాటే తరువాత గణన యంత్రాల ఆలోచనకు దారి చూపింది.

అయితే మాటలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిపేయడం శాస్త్రం కాదు. మగ్గపు అచ్చు, వ్యాకరణంలోని అచ్చు వినడానికి ఒకటే అయినా, రెండోది సంస్కృత వ్యాకరణ సంజ్ఞ నుంచి వచ్చినది, వాటిని ముడిపెట్టరాదు. అల్లిక, పాయ, తలకట్టు, సుడి వంటి మాటల్లో మాత్రం అర్థం ఒక పని నుంచి మరో పనికి నడిచిన జాడ కళ్లెదుటే ఉంది.

ఈ ఏకత్వాన్ని గతకాలపు కళాకారులు ఎరుగుదురు. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–1542 నడుమ రూపుదిద్దుకున్నది. అక్కడి పైకప్పు చిత్రాల్లో చారల చీరలు, గళ్ల చీరలు, పక్కకు తీర్చిన కొప్పులు, మగవారి పొడవాటి కుళ్లాయిలు వేరువేరుగా పోల్చుకునేంత నిశితంగా ఉన్నాయి. అక్కడి స్తంభాల మీది లతలు నేటికీ చీర అంచుల్లో లేపాక్షి డిజైన్ల పేరుతో పలకరిస్తాయి. అచ్యుతరాయలకు ముందు ఏలిన కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథాంశం కూడా ఇదే గుంపులోనిది. విష్ణుచిత్తుడు తోట పెంచి మాలలు కట్టడం, గోదాదేవి వాటిని ముందుగా తన కొప్పున ముడిచి చూసుకోవడం, ఆ గోదయే పాశురాలు రచించిన కవయిత్రి కావడం గమనిస్తే, తోటా తలా రాతా ఒకే ఇంటిలో కలిసిన ఉదంతం తెలుగు ప్రబంధానికి వస్తువైందని తెలుస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (1962) వ్యవసాయానికి, రెండవది (1971) చేనేతకు సంబంధించినవి. పొలం మాట, మగ్గం మాట అలా పుస్తకానికి ఎక్కాయి, ఎందుకంటే వాటికి వృత్తి అన్న పేరు ఉంది. పెరటి పాదుకు, తలంటుకు, చీర మడతకు ఆ పేరు లేదు; కానీ నేర్పు అదే, చాలాచోట్ల చేతులూ అవే. కనుక ఈ ప్రాంతపు కళాశాలలు, గ్రంథాలయాలు, చేనేత సంఘాలు చేయదగిన పని ఒకటి ఉంది: ఇళ్లకు వెళ్లి, ఒక్కొక్క పనినీ దాని సాధనం, కదలిక, కొలత, పేరుతో సహా రాసిపెట్టడం. కుంకుడు రసం ఎప్పుడు దిగిందో, పోగు అతుకు ఎప్పుడు పడిందో వేళ్లతో చెప్పగల తరం ఇంకా ఈ ఊళ్ల వసారాల్లో కూర్చునే ఉంది. కొస దొరికి ఉండగానే పోగు లాగాలి.