డిస్కు మంచిదే, మూతి విరిగింది
(సిరికొండలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీపీ, షుగర్‌ల గురించి డాక్టరు గారు చెప్పారు. నాకు మాత్రం కార్యదర్శి గారు కంప్యూటరు విషయం అప్పగించారు. కారణం మీలో చాలామందికి తెలుసు. మన సంఘం కంప్యూటరులో హార్డ్‌డిస్కు కనెక్టరు విరగ్గొట్టింది నేనే. విరగ్గొట్టినవాడి చేతనే చెప్పిద్దామని వారు అనుకున్నట్టున్నారు. మంచిదే.

నేను చక్కెర మిల్లులో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాణ్ణి. శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైన నాటి నుంచి 2015 డిసెంబరులో మూతపడేదాకా ఈ ప్రాంతంలో చెరుకు సీజనంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. మోటారు ఆగితే యార్డులో బండ్లు నిలిచిపోతాయి. కోసిన చెరుకు ఎండుతున్నకొద్దీ అందులో చక్కెర తగ్గిపోతుంది. అందుకే చేరిన కొత్తలో మా మేస్త్రీ మాకు నేర్పిన మొదటి మాట, మోటారు విప్పకముందు లగ్గులు చూడమని. మోటారు మంచిగనే ఉంటుంది, తీగ కలిసే చోట వదులై ఉంటుంది. ఇంత తెలిసిన నేనే తీగను పక్కకు పట్టి లాగాను చూడండి!

అది పోయిన నవంబరు. లైఫ్ సర్టిఫికెట్ల హడావిడి. కంప్యూటరు డబ్బాలో దుమ్ము దులుపుదామని మూత తీశాను. డిస్కుకు రెండు తీగలు ఉంటాయి. ఒకటి కరెంటుది, దానికి 15 పండ్లు. రెండోది సమాచారం తెచ్చి ఇచ్చేది, దానికి 7 పండ్లు. దీన్నే సాటా కనెక్టరు అంటారు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మలిచిన సన్నని ప్లాస్టిక్ నాలుక మీద ఆ పండ్లు అంటుకొని ఉంటాయి. నేరుగా వెనక్కి లాగితే వస్తుంది, పైకో పక్కకో వంచితే నాలుక పుటుక్కున విరుగుతుంది. కొన్ని తీగలకు ఇనుప క్లిప్పు ఉంటుంది, అది నొక్కి పట్టుకునే లాగాలి. నేను నొక్కలేదు. విరిగింది.

ఆ డిస్కులో ఏముందో చెబితేగానీ నా భయం మీకు అర్థం కాదు. మన సభ్యుడొకరు కాలం చేశారు. ఆయన ఇల్లాలు బీడీలు చుట్టి బతుకుతున్నది. వితంతు పెన్షన్‌కు 10-డి ఫారం పెట్టాలంటే ఆయన సర్వీసు కాగితాలు కావాలి. అసలు కాగితాలు చెదలు తిన్నాయి. రెండేళ్ల కిందట మనం స్కాన్ చేసి పెట్టిన నకలు ఒక్కటే మిగిలింది. అదీ ఆ డిస్కులోనే. ఇంకో చోట నకలు పెట్టుకోలేదు. ఆ తప్పు మనందరిదీ.

మరునాడు ఆమె వచ్చి "అన్నా, కాయితం దొరికిందా?" అని అడిగింది. "ఎల్లుండి రా చెల్లె" అన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

నిజామాబాద్‌లో ఒక దుకాణంలో చూపిస్తే బోర్డు మార్చాలన్నారు. అది అందరూ అనేమాటే. డిస్కు అడుగున ఉండే పచ్చని బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు ఉంటుంది. ఆ డిస్కుకే సరిపోయే లెక్కలు దాంట్లో రాసి ఉంటాయి. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి ఆ చిప్పును కూడా కొత్త బోర్డుకు మార్చకపోతే పని జరగదు. రెండో దుకాణంలో ఒక కుర్రవాడు భూతద్దం పెట్టి చూశాడు.

"పెద్దసారూ, డిస్కు మంచిగనే ఉన్నది. మూతి ఇరిగింది, గంతే. ఇరిగిన ముక్క యాడున్నది?"

ముక్క తీగ చివర్లోనే ఇరుక్కొని ఉంది. అదృష్టం కొద్దీ నేను పీకి పారేయలేదు. డిస్కు వైపు ఏడు పండ్లూ సన్నని రాగి తీగల్లా నిలబడే ఉన్నాయి, ఒకటి మాత్రం వంగింది. దాన్ని పట్టకారుతో నెమ్మదిగా సరిచేశాడు. ముక్కను తీగలోనే ఉంచి, పండ్లు వాటి గాళ్లలోకి వెళ్లేటట్టు తోశాడు. తీగ బరువు దాని మీద పడకుండా టేపు వేశాడు. డిస్కును బల్ల మీద పడుకోబెట్టి, అంతా అయ్యాకే కరెంటు ఇచ్చాడు. ఆ తర్వాత ఎవ్వరినీ బల్ల ముట్టనివ్వలేదు, నన్ను కూడా!

విరిగింది కరెంటు నాలుక అయితే అతను ఈ పనికి ఒప్పుకునేవాడు కాదట. అందులో 5 వోల్టుల పండ్లు, 12 వోల్టుల పండ్లు, ఎర్తు పండ్లు వరుసగా ఉంటాయి. ఒకటి పక్కదాన్ని తాకితే బోర్డు కాలుతుంది. సమాచారం వైపు ఏడింటిలో మూడు ఎర్తువే, మిగతా నాలుగూ రెండు జతలు. పండ్లు కూడా పోయి ఉంటే తీగను కోసి బోర్డుకే టంకం వేస్తారు. అప్పుడు తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. కాపీ అయ్యేదాకా టంకం జోలికి పోవద్దన్నాడు. అతని మాట నాకు నచ్చింది.

పాత కంప్యూటర్లలో వెడల్పాటి పట్టీ తీగ ఉండేది, జ్ఞాపకం ఉందా? దానికి 40 గుంతలు, ఒక అంచున ఎర్రగీత. ఆ గీత ఒకటో పిన్ను వైపు రావాలి. 20వ పిన్ను కావాలనే ఉండదు, అక్కడ ఖాళీ చూసి ఎవరో విరగ్గొట్టారని కంగారుపడినవాళ్లను నేనెరుగుదును. వంగిన పిన్నుకు లెడ్డు తీసేసిన పెన్సిలు మొన తొడిగి నిలబెట్టేవారు. అలాంటి డిస్కు మీ ఇంట్లో అటక మీద ఉంటే పారేయకండి, ఫోటోలుండవచ్చు. పైమూత మాత్రం విప్పకండి. లోపల దుమ్ము పడితే డిస్కు పాడైపోవచ్చు.

కాపీ కావడానికి మూడు గంటలు పట్టింది. ముందుగా ఆ ఒక్క ఫైలే తీసి, తర్వాత మిగతావి తీయమన్నాను. ఆ కుర్రవాడు నవ్వి అలాగే చేశాడు. కూలీ ఎంతంటే, చెప్పడానికి మొహమాటపడ్డాడు. నేనే చేతిలో పెట్టాను.

ఇప్పుడు సంఘం కాగితాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఆఫీసులో, ఒకటి కోశాధికారి గారింట్లో. ఆ పాత డిస్కు టేపుతో సహా నా బీరువాలో ఉంది. ఆ చెల్లె ఫారం పీఎఫ్ ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకున్నది. పెన్షన్ ఇంకా మంజూరు కాలేదు. వచ్చే సోమవారం నేనూ, కార్యదర్శి గారూ ఆమె వెంట వెళ్తున్నాము. ఆ దారిన వచ్చేవారెవరైనా ఉంటే ఉదయం బస్సుకు కలవండి.