మంచు కొండలు, సముద్రం, చివరి రైతు
(రైతు శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఎల్ నినో అంటే మనకు వానాకాలం గుర్తొస్తుంది. అమెరికాలో కొలరాడో నది రైతుకు చలికాలం గుర్తొస్తుంది. ఆ నదికి ప్రాణం రాకీ పర్వతాల మీద కురిసే మంచు. అది కరిగితేనే కాలువల్లో నీళ్లు.

పసిఫిక్ నడిమి నీళ్లు వేడెక్కితే ఎల్ నినో. అప్పుడు చలికాలపు తుఫాన్లు దక్షిణానికి దిగి అరిజోనాను తడుపుతాయి. చల్లబడితే లా నినా. తుఫాన్ల దారి ఉత్తరానికి జరిగి దక్షిణం ఎండుతుంది. నదికి నీళ్లిచ్చే కొండలు ఈ రెంటి మధ్యన ఉన్నాయి. అందుకే అక్కడ మంచు ఎంత కురుస్తుందో గట్టిగా చెప్పలేరు. 2022-23 వరుసగా మూడో లా నినా చలికాలం. అయినా మంచు దండిగా కురిసింది.

సముద్రం మారుతున్నా పంపకం మారలేదు. 1922 ఒప్పందం తడి ఏళ్ల లెక్కలు పట్టుకుని ఏడు రాష్ట్రాలకు ఏటా దాదాపు 650 టీఎంసీలు రాసిచ్చింది. 2000 తర్వాత నదిలో సగటున అన్ని నీళ్లు రావడం లేదు. మీడ్ జలాశయం మట్టం పడిపోయి 2022లో కోత పెట్టినప్పుడు, హక్కుల వరుసలో వెనకున్న అరిజోనా పినాల్ కౌంటీ రైతులే ముందు దెబ్బతిన్నారు. పొలాలు బీడు పెట్టుకున్నారు.

కాలువ చివరి భూముల బాధ మనకు కొత్త కాదు. సముద్రాన్ని ఎవరూ శాసించలేరు. కాగితం మీది నీళ్లు కాదు, వచ్చిన నీళ్లు పంచమని, కోత పడితే చివరి రైతుకు పరిహారం ఇమ్మని మనం అడగాలి.